వీసా రిజెక్ట్ అయితే అప్పీల్ చేయొచ్చా? ఏ దేశంలో దారి ఉంది, ఎక్కడ లేదు?

మండపేట నుంచి అమెరికా వీసా ఇంటర్వ్యూకి వెళ్లాలంటే చాలామంది రాత్రి బస్సో రైలో ఎక్కి తెల్లారేసరికి హైదరాబాద్ చేరుకుంటారు. నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో కిటికీ ముందు మాట్లాడేది రెండు మూడు నిమిషాలు. కాదనుకుంటే పాస్‌పోర్టుతో పాటు ఓ కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేయగానే అవతలి నుంచి వినిపించే మొదటి మాట దాదాపు ఒకటే: "అప్పీల్ చేసుకోవచ్చంట కదా?"

దీనికి అన్ని దేశాలకూ కలిపి ఒకే సమాధానం లేదు. కొన్ని దేశాల్లో కొన్ని వీసాలకు అప్పీల్ ఉంది. కొన్నింటికి అసలు లేదు. ఇంకొన్నిచోట్ల అప్పీల్ అని పిలవని, కానీ దాదాపు అదే పని చేసే సమీక్ష ఉంది. ఏది మీకు వర్తిస్తుందో తెలియకపోతే రెండు రకాలుగా నష్టం. లేని అప్పీల్ పేరుతో ఎవరికో డబ్బు కట్టడం ఒకటి, ఉన్న అప్పీల్ గడువు చేతులారా దాటిపోవడం ఇంకొకటి.

ముందు ఆ లెటర్ ఎవరి దగ్గరుంది?

విచిత్రంగా అనిపించినా, చాలామంది తమ రిజెక్షన్ లెటర్‌ని పూర్తిగా చదవరు. కారణం తేలికే. దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్ ఏజెంటుది. లాగిన్, పాస్‌వర్డ్ ఏజెంటువే. "రిజెక్ట్ అయింది, మళ్లీ పెడదాం" అన్న వాట్సాప్ మెసేజ్ ఒక్కటే దరఖాస్తుదారుడికి చేరుతుంది. ఈలోగా గడువు నడిచిపోతూ ఉంటుంది.

కాబట్టి మొట్టమొదట చేయాల్సింది అసలు లెటర్ తెప్పించుకోవడం. దాంతో పాటు మీ పేరున నింపిన దరఖాస్తు పూర్తి కాపీ, అప్‌లోడ్ చేసిన ప్రతి పత్రం కాపీ కూడా అడగండి. లెటర్‌లో మూడు విషయాలు వెతకాలి: ఏ నిబంధన కింద తిరస్కరించారు, ఏ కారణం రాశారు, దీనిపై ఎక్కడికి వెళ్లొచ్చని చెప్పారు. మూడోది సాధారణంగా చివరి పేజీలో ఉంటుంది. గడువు కూడా అక్కడే రాసి ఉంటుంది. లెటర్ మీకు చేరిన తేదీకి రుజువుగా ఆ మెయిల్‌ని డిలీట్ చేయకుండా ఉంచుకోండి.

అమెరికా: అప్పీల్ లేదు, కానీ అంతా అయిపోయినట్టు కాదు

స్టూడెంట్ వీసా, విజిటర్ వీసా తిరస్కరణల్లో ఎక్కువగా కనిపించేది 214(బి) సెక్షన్. తాత్కాలిక వీసా అడిగే ప్రతి ఒక్కరూ అక్కడే స్థిరపడిపోయే ఉద్దేశంతో వస్తున్నారని ఆ చట్టం ముందే అనుకుంటుంది. హెచ్‌-1బి, ఎల్‌ లాంటి కొన్ని కేటగిరీలకే మినహాయింపు. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత మీదే. కిటికీ వెనక ఉన్న అధికారికి నమ్మకం కుదరకపోతే 214(బి) కాగితం ఇస్తారు. దీనిపై అప్పీల్ లేదు. కాన్సులర్ అధికారి నిర్ణయాన్ని అమెరికా కోర్టులు కూడా సాధారణంగా ముట్టుకోవు. 2024 జూన్‌లో మున్యోజ్ అనే కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అక్కడి పౌరురాలి భర్త వీసా తిరస్కరణ విషయంలోనే ఈ వైఖరిని మరోసారి గట్టిగా చెప్పింది.

అందువల్ల "అమెరికా కాన్సులేట్‌కి అప్పీల్ వేయిస్తాం" అని ఎవరైనా 214(బి) కేసులో డబ్బు అడిగితే, వాళ్లు లేని వస్తువు అమ్ముతున్నట్టే.

మళ్లీ దరఖాస్తు మాత్రం చేసుకోవచ్చు. ఇన్ని నెలలు ఆగాలన్న నియమం లేదు. 185 డాలర్ల ఫీజు మళ్లీ కట్టాలి. పాతది తిరిగి రాదు. ఒక చిన్న ఊరట ఏమిటంటే, స్టూడెంట్ వీసాకు విడిగా కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లను 12 నెలల లోపు అదే రకం వీసాకి మళ్లీ దరఖాస్తు చేస్తే రెండోసారి కట్టక్కర్లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

అయితే వారం తిరక్కుండా అవే పత్రాలు, అవే జవాబులతో వెళ్తే ఫలితం మారడం కష్టం. మొదటిసారి అధికారి ఏం అడిగారో, మీరేం చెప్పారో బయటికి రాగానే రాసిపెట్టుకోండి. రెండు రోజులైతే మర్చిపోతారు. ఆ కాలేజీయే ఎందుకు, ఆ కోర్సు మీ డిగ్రీకి ఎలా కొనసాగింపు, ఫీజు ఎవరు కడుతున్నారు, ఆ డబ్బు ఎక్కడిది? ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికి జవాబు తడబడినా, దాన్ని సరిచేసుకున్నాకే స్లాట్ బుక్ చేయడం నయం. కన్సల్టెన్సీ ఇచ్చిన జవాబులు బట్టీపట్టి వెళ్లేవాళ్లను రోజుకు ఎంతమందిని చూస్తారో ఆ అధికారి!

తిరస్కరణ మీ ఒక్కరికే జరిగిందని కుంగిపోనక్కర్లేదు కూడా. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన ఎఫ్‌-1 దరఖాస్తులు దాదాపు 6.79 లక్షలు. వాటిలో 41 శాతం, అంటే సుమారు 2.79 లక్షలు తిరస్కరణకు గురయ్యాయి.

రెండోసారి దరఖాస్తు నింపేటప్పుడు "గతంలో మీకు వీసా నిరాకరించారా?" అన్న ప్రశ్న ఉంటుంది. అవును అనే రాయాలి. పాత రికార్డు వాళ్ల స్క్రీన్ మీదే ఉంటుంది. తిరస్కరణ తప్పు కాదు, దాచడం తప్పు. అబద్ధమని తేలితే అమెరికాలో అది జీవితకాల నిషేధం దాకా వెళ్తుంది. ఇక్కడ రాలేదు కదా, వేరే దేశంలో స్లాట్ తీసుకుందామన్న పాత చిట్కా కూడా ఇప్పుడు పనిచేయదు. 2025 సెప్టెంబరు నుంచి తాత్కాలిక వీసాలకు సొంత దేశంలో గానీ, నివాసం ఉంటున్న దేశంలో గానీ మాత్రమే దరఖాస్తు చేయాలన్నారు.

మీ కాగితం మీద 221(జి) అని ఉంటే కథ వేరు. అది సాంకేతికంగా తిరస్కరణే అయినా, అర్థం "ఇంకా పత్రాలు కావాలి" లేదా "ఇంకా పరిశీలించాలి" అని. అడిగిన పత్రాలు ఏడాది లోపు ఇవ్వొచ్చు. ఏడాది దాటితే కొత్త దరఖాస్తు, కొత్త ఫీజు.

హెచ్‌-1బి వాళ్లకు మాత్రం అప్పీల్ ఉంది, కానీ అది మీది కాదు, మీ కంపెనీది. పిటిషన్ వేసింది కంపెనీ కాబట్టి, ఇమిగ్రేషన్ విభాగం దాన్ని తిరస్కరిస్తే ఐ-290బి అనే ఫారంతో కంపెనీయే 30 రోజుల్లోపు అప్పీల్ చేయాలి. నోటీసు పోస్టులో వస్తే 33 రోజులు. అల్లుడికి నోటీసు వచ్చిందని ఇక్కడ మామగారు లాయర్ల కోసం తిరిగినా ఉపయోగం ఉండదు. అక్కడి హెచ్‌ఆర్ కదలాలి.

వీసా ఉన్నా విమానాశ్రయంలో ఆపేస్తే? 2023 ఆగస్టులో ఒకే రోజు 21 మంది భారతీయ విద్యార్థులను అమెరికా విమానాశ్రయాల నుంచి వెనక్కి పంపారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. అలాంటి సమయంలో తెలిసి ఉండాల్సిన తేడా ఒకటుంది. అధికారి "ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్" ఆర్డర్ రాస్తే ఐదేళ్లు అమెరికాలో అడుగుపెట్టడానికి వీల్లేదు. అదే, ప్రవేశం కోసం పెట్టుకున్న దరఖాస్తును మీరే ఉపసంహరించుకోవడానికి అధికారి ఒప్పుకుంటే ఆ ఐదేళ్ల నిషేధం పడదు. ఒప్పుకోవడం ఆయన ఇష్టం. అయినా అడగొచ్చు. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో చదవకుండా మాత్రం పెట్టొద్దు.

బ్రిటన్: ఒక్కో వీసాకి ఒక్కో దారి

ఇక్కడే జనం ఎక్కువగా తికమకపడతారు. మూడు సందర్భాలు చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

కూతురు పురుటికి వెళ్లాలని అమ్మ విజిటర్ వీసాకి పెట్టుకుంది, రాలేదు. దీనికి అప్పీల్ లేదు, సమీక్ష కూడా లేదు. మళ్లీ దరఖాస్తు చేయాలి. అప్పర్ ట్రైబ్యునల్‌లో జ్యుడీషియల్ రివ్యూ అనే దారి ఉన్నా, విజిటర్ వీసా కోసం అంత ఖర్చు పెట్టుకునేవాళ్లు అరుదు.

అబ్బాయి స్టూడెంట్ వీసాకి పెట్టుకున్నాడు, రాలేదు. దీనికి "అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ" ఉంది. బ్రిటన్ బయటి నుంచి దరఖాస్తు చేసినవాళ్లు 28 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో కోరాలి. ఫీజు 80 పౌండ్లు. బ్రిటన్‌లో ఉండి వీసా పొడిగింపు అడిగి భంగపడ్డవాళ్లకైతే 14 రోజులే.

కోడలు భర్త దగ్గరికి వెళ్లడానికి స్పౌజ్ వీసాకి పెట్టుకుంది, రాలేదు. కుటుంబ జీవితం మానవ హక్కు కిందికి వస్తుంది కాబట్టి దీనికి నిజమైన అప్పీల్ ఉంది. ఫస్ట్ టియర్ ట్రైబ్యునల్‌లో జడ్జి వింటారు. ఇండియాలో ఉన్నవాళ్లకు నిర్ణయం అందిన నాటి నుంచి 28 రోజుల గడువు. కాగితాల మీదే తేల్చమంటే 80 పౌండ్లు, విచారణ కావాలంటే 140 పౌండ్లు.

రెండు, మూడు సందర్భాల మధ్య ఉన్న అసలు తేడా ఫీజులో లేదు, కొత్త పత్రాల్లో ఉంది. అడ్మినిస్ట్రేటివ్ రివ్యూలో చూసేది ఒక్కటే: మీరు అప్పుడిచ్చిన పత్రాలను బట్టి అధికారి తప్పు చేశారా, లేదా? ఇప్పుడు కొత్త స్టేట్‌మెంట్ తెచ్చి పెడతానంటే సాధారణంగా తీసుకోరు. ట్రైబ్యునల్ అప్పీల్లో మాత్రం జడ్జి కొత్త ఆధారాలు కూడా చూడగలరు.

ఓ ఉదాహరణ చూద్దాం. బ్రిటన్ స్టూడెంట్ వీసాకి చూపించే డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. ఆ 28 రోజుల చివరి తేదీ, దరఖాస్తు చేసిన రోజుకి 31 రోజుల లోపే ఉండాలి. దాళ్వా ధాన్యం డబ్బు, చిట్టీ పాడిన డబ్బు, బంగారం మీద తెచ్చిన లోన్ అన్నీ కలిపి మొత్తం జమ చేశారనుకుందాం. 26వ రోజున చిట్టీ వాయిదా కోసం పాతిక వేలు తీశారు, బ్యాలెన్స్ నిర్దేశించిన మొత్తం కంటే తగ్గింది. మర్నాడే తిరిగి వేసినా 28 రోజుల లెక్క మళ్లీ మొదటి నుంచే. ఈ కారణంతో తిరస్కరిస్తే అధికారి తప్పేమీ లేదు. రివ్యూకి వెళ్తే 80 పౌండ్లు, నెలల సమయం వృథా. కొత్తగా దరఖాస్తు చేయడమే మేలు. అదే, బ్యాలెన్స్ సరిగ్గా ఉన్నా అధికారి తేదీలు తప్పుగా లెక్కపెట్టారనుకోండి, లేదా మీరిచ్చిన పత్రాన్ని ఇవ్వలేదని రాశారనుకోండి. అది రివ్యూకి బంగారం లాంటి కేసు.

ఇంకో మెలిక: రివ్యూ పెండింగ్‌లో ఉండగా కొత్త దరఖాస్తు పెడితే, రివ్యూ రద్దయిపోతుంది. "రెండూ వేసి చూద్దాం" అన్నది కుదరదు. రివ్యూ తేలేలోపు కోర్సు మొదలయ్యే తేదీ దాటిపోవచ్చు కాబట్టి యూనివర్సిటీతో మాట్లాడి, వచ్చే ఇన్‌టేక్‌కి సీటు మార్చుకోవచ్చా అని అడిగాకే ఏ దారో తేల్చుకోండి.

బ్రిటన్‌లోనే ఉంటూ, పాత వీసా గడువు ముగియకముందే పొడిగింపు అడిగినవాళ్లకు ఒక రక్షణ ఉంది. రివ్యూ గానీ, అప్పీల్ గానీ సకాలంలో వేస్తే, అది తేలేదాకా పాత షరతులతోనే అక్కడ ఉండొచ్చు. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ రక్షణ పోయే ప్రమాదం ఉంది.

లెటర్‌లో "మోసం", "తప్పుడు పత్రం" అన్న మాటలు కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. దాని వెనక పదేళ్ల నిషేధం ఉంటుంది. పత్రం నిజంగా అసలైనదే అయితే, మళ్లీ దరఖాస్తు చేసి సర్దుకుందాం అనుకోకుండా, గడువు లోపే రివ్యూకి వెళ్లి ఆ మచ్చ తుడుచుకోవాల్సిందే.

కెనడా: కోర్టు దారి ఒకటే

స్టడీ పర్మిట్ రాకపోతే కెనడాలో అప్పీల్ లేదు. ఉన్నది ఫెడరల్ కోర్టు జ్యుడీషియల్ రివ్యూ. కెనడా బయట ఉన్నవాళ్లకు 60 రోజుల గడువు, లోపల ఉన్నవాళ్లకు 15 రోజులే. కోర్టు ఫీజు 50 డాలర్లు మాత్రమే, కానీ లాయర్ ఫీజు అంతకు ఎన్నో రెట్లు. పైగా కోర్టు మొదట అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాతే కేసు. గెలిచినా జడ్జి వీసా ఇవ్వరు. ఫైలును వేరే అధికారి మళ్లీ చూడమంటారు. అంతే.

అయినా కొన్ని కేసుల్లో వెళ్లాల్సిందే. అధికారి ఒక్క ముక్కలో కారణం రాసి, మీరిచ్చిన కీలక పత్రాన్ని అసలు పట్టించుకోకపోతే అక్కడి జడ్జిలు ఆ నిర్ణయాన్ని కొట్టేసిన సందర్భాలున్నాయి. అది తెలియాలంటే అధికారి తన ఫైల్లో రాసుకున్న నోట్స్ చూడాలి. 2025 జూలై చివరి నుంచి కొన్ని రకాల తిరస్కరణ లెటర్లతో పాటే ఆ నోట్స్ కూడా పంపుతున్నారు. మీకు రాకపోతే, కెనడాలో ఉంటున్న బంధువో స్నేహితుడో మీ అనుమతి పత్రంతో 5 డాలర్లు కట్టి అడగొచ్చు.

భార్యాభర్తల స్పాన్సర్‌షిప్ తిరస్కరిస్తే అక్కడ ఉన్న స్పాన్సర్ 30 రోజుల్లో ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి వెళ్లొచ్చు. అప్పీల్ హక్కు స్పాన్సర్‌దే, ఇక్కడున్నవాళ్లది కాదు.

కెనడా విషయంలో ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. 2025 ఆగస్టులో భారతీయుల స్టడీ పర్మిట్ దరఖాస్తుల్లో దాదాపు 74 శాతం తిరస్కరించారని రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. రెండేళ్ల క్రితం అదే నెలలో ఇది 32 శాతం.

జర్మనీ: పాత యూట్యూబ్ వీడియోలు నమ్మొద్దు

జర్మనీ వీసా రాకపోతే ఎంబసీకి ఉచితంగా ఒక అభ్యంతర లేఖ రాస్తే చాలు, మళ్లీ చూసేవారు. "రెమాన్‌స్ట్రేషన్" అంటారు. ఇప్పటికీ తెలుగు వీడియోల్లో అదే చెబుతుంటారు. కానీ 2025 జూలై 1 నుంచి జర్మనీ దాన్ని ప్రపంచమంతటా ఎత్తేసింది. ఇప్పుడు ఉన్నవి రెండే: కొత్త దరఖాస్తు, లేదా బెర్లిన్‌లోని పాలనా కోర్టులో దావా. దావా జర్మన్ భాషలో నడుస్తుంది. చాలామందికి సరిచేసిన పత్రాలతో కొత్త దరఖాస్తే గతి.

షెంజెన్ టూరిస్ట్ వీసా విషయంలో యూరప్ చట్టమే అప్పీల్ హక్కు ఇచ్చింది. తిరస్కరణ ఫారంలో కారణం దగ్గర టిక్ పెట్టి, ఎక్కడ అప్పీల్ చేయాలో కూడా రాయాలి. పద్ధతి మాత్రం ఏ దేశం కాదందో ఆ దేశానిదే. ఫ్రాన్స్‌కైతే 30 రోజులు. 90 యూరోల ఫీజు తిరిగి రాదు.

ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు 14 నుంచి పాత ట్రైబ్యునల్ స్థానంలో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రైబ్యునల్ వచ్చింది. అక్కడ ఉండి దరఖాస్తు చేసినవాళ్లకే ఇది ఎక్కువగా పనికొస్తుంది. ఇండియా నుంచి పెట్టుకున్న స్టూడెంట్ వీసాకి సాధారణంగా ఆ హక్కు ఉండదు.

గల్ఫ్: అప్పీల్ కంటే ముందు జాగ్రత్త

గోదావరి జిల్లాల నుంచి కువైట్, ఒమన్, బహ్రెయిన్, ఖతార్ వెళ్లే ఆడవాళ్ల కష్టం వేరే. అక్కడ వీసా అడిగేది యజమాని. రాకపోతే కారణం చెప్పరు, వెళ్లేవాళ్లకు అప్పీల్ లేదు. పెద్ద సమస్య వెళ్లాక వస్తుంది. అకామా, అంటే నివాస అనుమతి, యజమాని చేతిలో ఉంటుంది. ఆయన "పారిపోయింది" అని ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి ప్రమాదంలో పడుతుంది. ఆ ఫిర్యాదు అబద్ధమైతే అక్కడి కార్మిక శాఖలో అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఒంటరిగా చేయడం కష్టం. ఇక్కడి కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖ "మదద్" పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ కూడా ఇలాంటి కేసులు చూస్తుంది.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉండి, 30 ఏళ్లు నిండని మహిళలకు ఇంటిపని కోసం గల్ఫ్ వెళ్లడానికి మన ప్రభుత్వమే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఇవ్వదు. క్లియరెన్స్ రాలేదు కదా, విజిట్ వీసా మీద పంపిస్తాం అని ఏజెంట్ అంటే ఒప్పుకోవద్దు. అలా వెళ్లినవాళ్ల పేరు ఈ-మైగ్రేట్ రికార్డుల్లో ఉండదు, బీమా ఉండదు. రేపు ఆపద వస్తే వెతకడం కూడా కష్టం. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగల గరిష్ఠ సర్వీస్ ఛార్జీ రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

ఎవరి సాయం తీసుకోవాలి?

బ్రిటన్ కేసులకు అక్కడి సొలిసిటర్ గానీ, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైన సలహాదారు గానీ కావాలి. ఈ సంస్థను 2025 జనవరి దాకా ఓఐఎస్‌సీ అనేవారు. కెనడాకైతే లాయర్, లేదా అక్కడి కన్సల్టెంట్ల కాలేజీలో లైసెన్స్ ఉన్నవారు. ఫెడరల్ కోర్టుకి మాత్రం లాయరే వెళ్లాలి. ఈ పేర్లు ఆయా సంస్థల సైట్లలో ఉచితంగా వెతకొచ్చు. మన ఊళ్లో బోర్డు పెట్టిన కన్సల్టెన్సీ ఎంత పేరున్నదైనా, అప్పీల్ వేస్తానంటే "అక్కడ ఎవరి లైసెన్స్ మీద వేస్తారు?" అని ఒక్క ప్రశ్న అడగండి.

దొంగ పత్రం పెట్టింది ఏజెంటే అయినా శిక్ష మీదే. 2023లో కెనడాలో నకిలీ అడ్మిషన్ లెటర్ల వ్యవహారం బయటపడినప్పుడు, ఏ పాపం తెలియక మోసపోయామన్న విద్యార్థులు కూడా దేశం విడిచి వెళ్లాల్సిన పరిస్థితిలో పడ్డారు. ప్రభుత్వం టాస్క్‌ఫోర్స్ వేసి, నిజమైన విద్యార్థులెవరో తేల్చాల్సి వచ్చింది. తప్పుడు సమాచారానికి కెనడాలో ఐదేళ్ల నిషేధం.

కట్టిన డబ్బులో ఏది వెనక్కి వస్తుంది?

వీసా ఫీజు రాదు. బ్రిటన్‌కి కట్టిన హెల్త్ సర్‌ఛార్జ్ మాత్రం తిరస్కరణ తర్వాత వెనక్కి వస్తుంది. రివ్యూ వేస్తే అది తేలాకే. కెనడా జీఐసీ, జర్మనీ బ్లాక్డ్ అకౌంట్లలో పెట్టిన సొమ్ము తిరస్కరణ లెటర్ చూపించి తెచ్చుకోవచ్చు. యూనివర్సిటీ డిపాజిట్‌ని చాలాచోట్ల కొంత కోత పెట్టి ఇస్తారు. తప్పుడు పత్రాల వల్ల రిజెక్ట్ అయితే ఇవ్వకపోవచ్చు. ఈ వాపసు సొమ్ము ఏ ఖాతాలో పడుతుందో కూడా చూడండి. ఏజెంట్ కార్డుతో కట్టి ఉంటే అది ఆయన కార్డుకే వెళ్తుంది.

కన్సల్టెన్సీ "వీసా రాకపోతే డబ్బు వాపసు" అని మాటిచ్చి ఇప్పుడు ఫోన్ ఎత్తకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, ఏజెంట్ హైదరాబాద్‌లో ఉన్నా సరే. రూ.5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందు 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తే కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. యూపీఐ చెల్లింపు రికార్డు, వాట్సాప్ మెసేజ్‌లు, పాంప్లెట్ మీద అచ్చువేసిన హామీ, అన్నీ ఆధారాలే. చేతికి నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే, ఫలానా రోజు ఇంత ఇచ్చాను, రసీదు పంపండి అని ఈ రోజే ఏజెంటుకి ఒక మెసేజ్ పెట్టండి. ఆయనిచ్చే జవాబు రేపు కమిషన్ ముందు పనికొస్తుంది.